పాపం, అరబ్బు ఆడోళ్లు!

తాండూరులో అరబ్బుల సంగతులు తెలిసినవాళ్లకు కొదవ లేదు. మండీ హోటల్లో చెప్పులు విడిచి, పరుపు మీద బాసింపట్టు వేసుకుని, నలుగురూ ఒకే తాంబాళంలో చెయ్యి పెట్టగానే అందరూ పండితులే. నిజాం ఫౌజు కొలువుకొచ్చి హైదరాబాదు బార్కస్‌లో పాతుకుపోయిన యెమెనీల పుణ్యమే ఆ తాంబాళం. ఆ ఇళ్ల ఆడవాళ్ల కథేమిటని అడిగితే మాత్రం ఎవరూ పలకరు. నోట్లో ముక్క ఉంటుంది మరి.

మొన్న ఓ సాహితీప్రియుడు ఎముక చప్పరిస్తూ నిట్టూర్చాడు: "పాపమన్నా, అరబ్బు ఆడోళ్లు! బురఖా తప్ప వాళ్లకేమున్నది?"

వాళ్ల నవలలేమైనా చదివారా?

"చదువుడెందుకే, అట్ట మీదనే కనబడ్తది గదా!"

నిజమే. నల్ల ముసుగు, కాటుక కళ్లు, వెనకాల ఇసుక దిబ్బ. మన నాపరాళ్లు పాలిష్ యూనిట్ నుంచి ఒకే కొలతకు దిగినట్టు కైరో, బేరూత్, ఖార్తూమ్, మస్కట్ ఆడవాళ్లంతా ఒకే అట్టకు దిగుతారు. లోపల ఆమె ఏం చేసుకున్నా అట్టకు పట్టదు. లెయిలా అబూలెలా ‘మినారెట్’ (2005)లో నజ్వా ఖార్తూమ్ పెద్దింటి పిల్ల. పార్టీలకు తిరిగిన ఆ పిల్ల లండన్‌లో పనిమనిషి అవుతుంది, తనంతట తానే హిజాబ్ కట్టుకుంటుంది. అదీ లండన్‌లో! మావాడికిది మింగుడుపడలేదు. ముసుగు తీయించడానికి తాండూరులో ఈయన నడుం కట్టుకుని కూర్చుంటే, అక్కడ ఆమె వేసుకుంటే ఎలా?

సరే, ఒమన్ రచయిత్రి జోఖా అల్హార్తీ సంగతెత్తాను. ఆమె ‘సెలెస్టియల్ బాడీస్’కు 2019లో మాన్ బుకర్ ఇంటర్నేషనల్ వచ్చింది. అరబిక్ నవలకు ఆ బహుమతి రావడం అదే మొదలు. అందులో ఖౌలా వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టి, చిన్నప్పుడే అనుకున్న కుర్రాడి కోసం కాచుక్కూర్చుంటుంది. అతగాడు కెనడాలో. ఆస్తి కోసం వచ్చి నిఖా చేసుకుని, మళ్లీ చెక్కేస్తాడు. అక్కడ ఇంకో ఆమె ఉంది. రెండేళ్లకోసారి చుట్టపుచూపుగా వచ్చి, కొత్తగా పుట్టిన బిడ్డను చూసి పోతాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి బుద్ధిగా కాపురం మొదలుపెడితే, అప్పుడడుగుతుంది ఖౌలా, విడాకులు.

చప్పరింపు ఆగింది.

"అరబ్బు ఆడామె విడాకులడిగిందా? అంత ఉత్తదే! మా మేనకోడల్ని చూడు. అల్లుడు డల్లాస్ పోయి ఆరేండ్లాయె, ఫోనెత్తడు. ఒక్క మాటంటదా? బంగారమసొంటి పిల్ల."