రాయబోయే సారు

పెద్దమందడిలో పొద్దున్నే హోటల్ దగ్గర చాయ్ తాగుతూ కనిపించే రిటైర్డ్ తెలుగు పండితుడిని ఊరంతా ‘రాయబోయే సారు’ అంటుంది. ఎదురుగా మాత్రం ఉత్త ‘సారూ’ అనే. ఇలాంటి సారు ప్రతి మండలంలోనూ ఒకరుంటారు కాబట్టి అసలు పేరుతో పనిలేదు.

“పుస్తకం యాడిదాంక వచ్చింది సారూ?” అంటే చాలు, గ్లాసు కింద పెడతాడు. “ముందుమాటలు అయిపోయినయి. ఇగ పుస్తకమే మిగిలింది.”

అబద్ధమేమీ కాదు. ముగ్గురు పెద్దలు ముందుమాటలు రాసిచ్చారు. అట్ట బొమ్మ సిద్ధం. అంకితం ఎవరికో తేలింది. ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో పైసా కట్టక్కర్లేదని తెలిసి ఆ దరఖాస్తు సంగతీ కనుక్కున్నాడు. ఆవిష్కరణ కోసం వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు కూడా చూసొచ్చాడు.

రాయడానికే తీరిక లేదు. పల్లి పీకే రోజుల్లో కూలీల వెంట తిరగాలి, ఎండాకాలం చెమట, వానాకాలం దోమలు. జెల్ పెన్నుతో అక్షరాలు అలుక్కుపోతాయి, బాల్ పెన్నుతో వేళ్లు నొప్పి. కొడుకు జాలిపడి, మాట్లాడితే ఫోనే టైపు చేస్తుందని చూపించాడు. సారు గొంతు సవరించుకుని కోట ముట్టడి ఘట్టం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి ఆయన భార్య “ఉల్లిగడ్డలు తెస్తివా?” అన్నది. సేనాపతి మాట పూర్తికాకముందే ఉల్లిగడ్డలు చారిత్రక నవలలో చేరిపోయాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కలం పేరు. ఏళ్లుగా తేలలేదు. ఇక్కడే సారుకు సురవరం ప్రతాపరెడ్డిని గుర్తుచేయాలి. గద్వాల వైపు బోరవెల్లిలో పుట్టి, 1952లో వనపర్తి నుంచే శాసనసభకు వెళ్లిన మనిషి. ఆయనకు ఒకటి కాదు, చాలా కలం పేర్లుండేవి. సరదాకు కాదు, 1926లో పెట్టిన గోలకొండ పత్రిక పేజీలు నింపాలి కాబట్టి! వారానికి రెండుసార్లు ప్రెస్సు నోరు తెరుచుకుని కూర్చుంటే దోమలూ పెన్నులూ గుర్తుకొస్తాయా? తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, 354 మంది కవులను పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. నాగర్‌కర్నూలు వైపు కపిలవాయి లింగమూర్తి పాఠాలు చెప్పుకుంటూనే ఊళ్ల చరిత్రలు సేకరించాడు. ఆయనకూ ఎండలు కాసే ఉంటాయి.

నిజానికి సారు చేతకానివాడు కాదు. ఎవరన్నా టీచరు రిటైరయితే సన్మాన పత్రం ఆయనే రాయాలి. “పొద్దున పదికల్లా ఫ్లెక్సీకి ఇయ్యాలె సారూ” అని కుర్రాడు గుమ్మంలో నిలబడితే, అప్పుడు ఏ పెన్నయినా పనికొస్తుంది. అరగంటలో రెండు పేజీలు. చదువుతుంటే రిటైరయ్యేవాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఈ కిటుకు పట్టుకున్నది బళ్లో కొత్తగా వచ్చిన టీచరమ్మ. నవల ఊసెత్తలేదు. “పిల్లల గోడపత్రికకు వారం వారం మన చెరువు గురించో, పాత బావుల గురించో ఒక్క పేజీ ఇయ్యండి సారూ” అని, ప్రతి శుక్రవారం సాయంత్రం ఇద్దరు పిల్లలను వాళ్లింటి అరుగు మీద కూర్చోబెట్టింది. కాగితం చేతికొచ్చేదాకా కదలొద్దని ఆజ్ఞ. ఆ పిల్లలకు ఆకలేస్తే సారు భార్యే పల్లీలు పెట్టి, లోపలికి వెళ్లి ఆయన మీద కేకలేస్తుంది.

మొదటి పేజీ తయారైంది. శనివారం పిల్లలు మైదా జిగురు పూసి గోడకు అంటించబోతుంటే, సారు శాలువా కప్పుకుని వచ్చి అడిగాడు:

“ఆవిష్కరణ ఎవరితోని చేపిస్తున్నర్రా?”