నలుగు పోయి ట్యూబులొచ్చాయి

ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, మోచేతులు ఇంకో రంగు. ఈమధ్య ఉప్పాడలో ఏ పెళ్ళికెళ్ళినా పెళ్ళికూతురిలో నా కంటికి ముందు ఆనేది ఇదేనండి. జీవితమంతా పట్టుకి రంగులద్దినవాణ్ణి, ఛాయ తేడా వస్తే నా కన్ను ఊరుకోదు. ఒకే జామ్‌దానీ చీరకెళ్ళే చిలపల్లో ఒకటి ఛాయ తగ్గినా షావుకారు ఒప్పుకునేవాడు కాదు. కన్నకూతురి ముఖానికి ఆ మాత్రం శ్రద్ధ అక్కర్లేదా?

అద్దకంలో మొదటి పాఠం రంగు కాదు, ఉతుకు. పట్టుకి పుట్టుకతో వచ్చే జిగురుని సబ్బునీళ్ళలో ఉడికించి తీసేయాలి. అది మిగిలిన చోట రంగు సమంగా పట్టదు. మా రోజుల్లో నలుగు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు చేసిందీ అలాంటి పనే. నువ్వులనూనె పట్టించి, కాసేపు నాననిచ్చి, సున్నిపిండితో నలిచేవారు. మోచేతులు, మోకాళ్ళు, మడమల దగ్గర ఇంకాసేపు రుద్దేవారు, అక్కడ చర్మం మొద్దుగా ఉంటుంది కాబట్టి. పైనున్న పాత చర్మం మట్టిలా రాలిపోయి ఒళ్ళంతా ఒకే తీరుగా నిగనిగలాడేది. ఆ పిల్ల రంగు ఏదో ఆ రంగే, కాకపోతే నిండుగా.

సున్నిపిండిలో పాళ్ళు ఇంటింటికీ వేరు. పెసలు, శనగపప్పు, బియ్యం అందరూ వేసేవే. వాసనకి కచ్చూరాలు, వట్టివేళ్ళు. కస్తూరి పసుపు కొంచెం. బావంచాలు మాత్రం మా అమ్మ తన చేత్తోనే వేసేది, అదీ చిటికెడే. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటికి అంటాక ఎండ తగిలితే చర్మం నల్లబడుతుంది, మోతాదు మించితే బొబ్బలెక్కుతుంది. బొల్లి మచ్చలకి ఆయుర్వేదంలో బావంచాలు వాడడం, ఇప్పటి డాక్టర్లు సోరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పెట్టడం ఆ గుణం వల్లే. మా అమ్మకి సోరాలెన్ పేరు తెలీదు. బావంచాలు ఎక్కువైన పిండితో రుద్దుకుని ఎండలో తిరగకూడదని తెలుసు. కలిపే మనిషికి తాను కలిపేదేంటో తెలియాలి. నా గోలంతా ఇదే.

మా కాలంలో నలుపుని నెత్తిన పెట్టుకున్నారని నేను చెప్పను. నల్లపిల్లకి సంబంధం కుదరడం అప్పుడూ కష్టమే, ఆ పేరు చెప్పి కట్నం గుంజినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. అది సిగ్గుపడాల్సిన సంగతి. అయినా ఈ ఊళ్ళో రంగుకి కారణం అందరికీ తెలుసు. మగ్గం గుంటలో నీడపట్టున కూర్చునే మా నేతవాళ్ళదొక ఛాయ. సముద్రం మీద వేటకెళ్ళే మనిషిది, చేపల తట్ట నెత్తినెత్తుకుని ఎండలో తిరిగే ఆవిడది కాలిన రాగి ఛాయ. ఎండ నుంచి కాపాడడానికి ఒళ్ళు తనంతట తాను వేసుకున్న రంగు అది. దాన్ని గీకి పారేయాలనుకోవడం ఏం తెలివండీ?

1975లో ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోకొచ్చింది. 2020లో అదే గ్లో అండ్ లవ్లీ అయింది. ఈ పైపూత క్రీములతో ఆగినా బాగుండేది. ఇప్పుడు మందుల షాపులో దొరికే ట్యూబు ఒకటి, పార్లర్లో పేరు లేని డబ్బాలో ఇచ్చేది ఒకటి, ఫోన్లో చూసి తెప్పించుకున్నది ఇంకొకటి, మూడూ అరచేతిలో కలిపి పూసేస్తున్నారు. ఆ మందుల షాపు ట్యూబులో తరచుగా ఉండేవి మూడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టరు చూసి, కొన్నాళ్ళపాటు రాసుకోమనే మందు అది. దాన్ని రోజూ పూసుకుంటే మొదట తెల్లబడ్డట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంటలెత్తి ముందుకన్నా అధ్వానమవుతుంది. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి రాస్తే నీలం కలిసిన నలుపు దిగొచ్చు, అది వదిలించుకోవడం మహా కష్టం. స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని 2018లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడగని కౌంటర్లు నేనింకా చూస్తూనే ఉన్నాను. పేరు లేని డబ్బాల సంగతి ఇంకా ఘోరం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళని ఆరా తీస్తే, తెల్లబడే క్రీముల్లోని పాదరసం బయటపడింది.

అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్ల చెప్పిన మాట వింటే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ తెల్లవాళ్ళు మన వేటవాళ్ళ రాగి రంగుని సీసాల్లో కొనుక్కుంటారు. 1950లలో సిన్సినాటిలో పిల్లలకి డైహైడ్రాక్సీఅసిటోన్ అనే చక్కెర మందుగా పట్టిస్తుంటే, అది ఒలికిన చోట చర్మం గోధుమ రంగుకి తిరగడం డాక్టర్లు గమనించారు. 1960 నాటికి అది సీసాలో అమ్మకానికొచ్చింది. చర్మం పైపొరలోని మాంసకృత్తులతో కలిసి రంగు తేలుతుంది, వారం తిరిగేసరికి ఆ పొరతోపాటు రాలిపోతుంది. బొల్లి మచ్చలు కనిపించకుండా కప్పుకోవడానికీ పనికొస్తుంది. వాళ్ళూ రెండు మూడు రకాలు కలుపుతారుట: ముఖానికి కొద్దికొద్దిగా రంగెక్కే పలచటి లోషను, ఒంటికి గాఢమైన నురగ. ముందు రోజు ఒళ్ళు రుద్దుకుంటారు. మొద్దు చర్మం రంగు ఎక్కువ పీలుస్తుందని మోచేతులకీ, మోకాళ్ళకీ, మడమలకీ ముందుగా మామూలు క్రీము రాస్తారు. ఆ రంగు ఎండని ఆపదని కూడా వాళ్ళకి తెలుసు. వాళ్ళ మోజు నాకక్కర్లేదు గాని, సీసాలో ఏముందో చదివి, ఏది ఎక్కడ ఎంత రాయాలో తెలుసుకుని రాస్తారే, ఆ పద్ధతి మా అమ్మది.

అందుకే ఆడపిల్లల తల్లిదండ్రులకి చేతులెత్తి చెబుతున్నాను. పెళ్ళి కుదిరిందని ముఖాన ఏది పడితే అది పూయనివ్వకండి. పేరూ, అందులో కలిపినవాటి వివరమూ లేని డబ్బా ఇంట్లో ఉంటే ఇవాళే పారేయండి. మందుల షాపు ట్యూబు నెలల తరబడి వాడుతున్న పిల్ల ఉంటే తిట్టకండి, దాచిపెట్టేస్తుంది. ఆ ట్యూబు పట్టుకుని పిల్లతో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎలా మాన్పించాలో వాళ్ళు చెబుతారు.