భుజం ఆవిడది, చాకిరీ నాది

ఈ ఫిర్యాదు తెలుగులో రాస్తున్నది భాషాభిమానంతో కాదు, ఆత్మరక్షణ కోసం. కోవిల్‌పట్టి వైపు మావంటి ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో దిద్దేది తమిళం. రైల్వే ఉద్యోగం నన్ను గుంతకల్లులో పడేసిన రోజుల్లో స్టేషను బోర్డులు కూడబలుక్కుంటూ తెలుగు అక్షరాలు పట్టుకున్నాను. మా ఆవిడకు ఆ అవసరం రాలేదు. కాబట్టి ఇదే సంగతి తమిళంలో రాస్తే సాయంత్రం కాఫీలోపల చదివేస్తుంది, ఆ తర్వాత కాఫీ ఉండదు. మా పక్కనున్న ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాశారు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. నాకు పురస్కారం వద్దు, కాఫీ చాలు.

అసలు ఈ ఫిర్యాదు ఎవరికివ్వాలన్నదే పెద్ద చిక్కు. సోమవారాలు కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకుంటారు, నిజమే. కానీ ఏ కలెక్టరు? నేరస్థలం కోవిల్‌పట్టి, అంటే తూత్తుకుడి జిల్లా. నేరానికి పురికొల్పి, సామగ్రి సరఫరా చేసినది విరుదునగర్‌లో ఉన్న మా వదినగారు, అంటే మా ఆవిడ అక్క. అది వేరే జిల్లా. పోనీ పాతకాలంలో సుఖముండేదా అంటే, 1985కు ముందు వాళ్లది రామనాథపురం, మాది తిరునెల్వేలి. ప్రభుత్వాలు జిల్లాలను ఎన్నిసార్లు విడగొట్టినా అత్తవారి వైపు మనుషులు ఎప్పుడూ మన కలెక్టరు పరిధికి ఆవలే ఉంటారు.

ఇక కేసు వివరాలు.

భుజం కీలును నాలుగు కండరాలు చుట్టూ కమ్మి పట్టుకుంటాయట. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. మా ఆవిడ కుడి భుజంలో వాటిలో పైనున్నది ఎముకను అంటిపెట్టుకునే చోట తెగింది. కారణం వయసు, అరుగుదల అన్నాడు డాక్టరు. కారణం నేను అంది మా ఆవిడ. మదురైలో ఆపరేషన్ చేశారు. చిన్న చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు దించి, ఎముకలో బిరడాలు దిగ్గొట్టి, తెగినదాన్ని దారాలతో కట్టారు. కట్టింది అతుక్కోవడానికి మూడు నెలలు, పూర్తి బలం రావడానికి ఇంకా ఎన్నో నెలలు. అప్పటిదాకా బరువెత్తొద్దు, చెయ్యి సొంతంగా లేపొద్దు, వీపు వెనక్కి పోనివ్వొద్దు, వెల్లకిలా పడుకోవద్దు, ఏటవాలుగా ఒరిగి నిద్రపోవాలి, ఆరు వారాలు స్లింగు తీయొద్దు. ఇన్ని వద్దుల చివర ఆయన ఒకే ఒక్క 'చెయ్యండి' తగిలించాడు. మోచేయి, మణికట్టు, వేళ్లు మాత్రం బిగుసుకుపోకుండా కదుపుతూ ఉండాలి.

ఆ ఒక్క వాక్యం మా ఇంటిని తలకిందులు చేసింది.

మొదట ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి పిసకమంది. మాది హాకీ ఊరు. ఇక్కడ ఏ వీధిలో చూసినా పిల్లల చేతుల్లో కర్రలే. మెత్తటి బంతి అని అడిగినా కొట్టువాడు రాయిలాంటి హాకీ బంతి తీసి, అన్నిటికంటే మెత్తటిది ఇదే అన్నాడు. ఆ బంతి ఇప్పుడు కరెంటు బిల్లుల మీద బరువుగా ఉంది. బంతి కుదరలేదని ఫోన్లో తెలిసిన మరునాడే వదినగారి దగ్గర్నుంచి పార్సిల్ దిగింది. అందులో ప్లాస్టిక్ వైరు కట్టలు. ఎరుపు, పచ్చ, తెలుపు, ఇంకా కళ్లు మూసుకున్నా కనిపించే ఒక నారింజ రంగు.

తమిళనాడులో వైరు బుట్ట అల్లని ఆడమనిషి ఉండొచ్చు, వైరు బుట్ట లేని ఇల్లు మాత్రం లేదు. కూరగాయలకు, గుడికి, బడికి, ఆసుపత్రికి, ఊరికి, అన్నిటికీ అదే బుట్ట. దీనికో శాస్త్రముంది. ముందు వైరును ఒకే కొలతకు ముక్కలుగా కోయాలి. ఆ కోసేవాణ్ణి నేను. కోసినవాటిని రంగుల వారీగా కుర్చీ వెనక వేలాడదీయాలి. అదీ నేనే, ఆ కుర్చీ కూడా నాదే. తర్వాత అడుగు అల్లి, గోడలు లేపి, చివర పిడి బిగించాలి. ముడుల్లో రకాలున్నాయి. మామూలు ముడి, బిస్కెట్ ముడి, నెల్లికాయ ముడి, అన్నిటికీ పైన శివన్ కణ్ ముడి. శివుడి కన్నట. ఆ కన్ను తెరుచుకుంటే మన్మథుడు బూడిదయ్యాడని చిన్నప్పుడు విన్నాను. అది సరిగ్గా పడకపోతే మా ఇంట్లో ఏమవుతుందో ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను.

స్లింగులో ఉన్న చెయ్యి కడుపు దగ్గరే ఉంటుంది గనక ఆ వేళ్లతో ముడిని పట్టి ఉంచొచ్చు. ఎడమచేత్తో వైరు దూర్చొచ్చు. కానీ ముడి బిగియాలంటే రెండు కొసలూ ఎదురెదురుగా లాగాలి, దానికి భుజం కావాలి. భుజానికి సెలవు. అందుకని, "ఏమండీ, ఈ కొస కాస్త లాగండి." దినపత్రిక తెరవగానే లాగాలి. అన్నంలో చెయ్యి పెట్టగానే, చెయ్యి కడుక్కుని వచ్చి లాగాలి. గట్టిగా లాగితే వైరు సాగిపోయిందంటుంది, మెల్లగా లాగితే తిన్నది ఏమవుతోందంటుంది. ఆంధ్ర దేశం నుంచి దక్షిణానికి నడిచొచ్చి ఈ నల్లరేగడి నేలను దున్నినవాళ్ల వంశంలో పుట్టాను, నారింజ వైరు లాగుతున్నాను.

ఇదంతా వైద్యమేనని మా అమ్మాయి చెన్నై నుంచి ఫోన్లో నాకు చరిత్ర పాఠం చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆసుపత్రుల్లోనే బుట్టలల్లడం, నేత నేయడం నేర్పించారట. చేతులకు కసరత్తు, మనసుకు వ్యాపకం. ఆ పద్ధతిలోంచే ఈనాటి ఆక్యుపేషనల్ థెరపీ పెరిగిందట. నాకేమీ అభ్యంతరం లేదు. ఆ సైనికులు తమ బుట్టలు తామే అల్లుకున్నారు. అప్పుడు అమ్మాయి ఇంకో పేరు తీసింది, మతీస్. ఫ్రాన్సు చిత్రకారుడు. 1941లో కడుపు ఆపరేషన్ అయ్యాక నిలబడి బొమ్మలు వేసే ఓపిక లేక, మంచం మీద, చక్రాల కుర్చీలో కూర్చుని రంగు కాగితాలు కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ కాగితపు బొమ్మలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. "చూడండి నాన్నా, జబ్బులోంచే ఎంత గొప్ప కళ పుట్టిందో" అంది. నేను చూశాను. ఆ కాగితాలకు ముందుగా రంగు పూసింది సహాయకులు. కత్తిరించినవాటిని ఆయన చెప్పిన చోటల్లా గోడకు పిన్నులతో గుచ్చింది సహాయకులు. కొంచెం పైకి, కాదు కొంచెం కిందికి అని కుర్చీలోంచి వచ్చిన మాట విని మళ్లీ పీకి గుచ్చిందీ వాళ్లే. లోకం మతీస్ పేరు చెప్పుకుంటుంది. నేను ఆ సహాయకుల పక్షం.

బుట్టలు ఇంట్లో కూరగాయలకు మించిపోయాక అగ్గిపుల్లల ఘట్టం మొదలైంది. 1920ల మొదట్లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. ఆ పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టిల దాకా పాకింది. వానలు పడని నేల, పంట నమ్మడానికి లేదు, అగ్గిపెట్టెకేమో ఎండ కావాలి. చట్రాల్లో పుల్లలు పేర్చడం, పెట్టెలకు కాగితం అంటించడం ఇక్కడి ఇళ్లలో, అరుగుల మీద జరిగేవి. ఎందరో ఆడవాళ్ల వేళ్లు, ఒకప్పుడు పిల్లల వేళ్లు కూడా ఆ పనిలో అరిగాయి. పిల్లల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 తీర్పులో, పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లవాడికి 20,000 రూపాయలు కట్టాలన్నారు. మంచి తీర్పు. భర్తల ప్రస్తావన మాత్రం అందులో లేదు.

మా ఆవిడ అగ్గిపుల్లలతో కట్టదలచింది శ్రీవిల్లిపుత్తూరు గోపురం. పదకొండు అంతస్తులు. తమిళనాడు ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది అదేనని వదినగారు తమ జిల్లా తరఫున వాదిస్తారు, మదురైవాళ్లు ఊరుకోరు, ఆ తగువు నాకొద్దు. అగ్గిపెట్టెలు కొనుక్కుంటే పోదా అన్నాను. పద్నాలుగేళ్లు రూపాయి దగ్గరే ఉన్న పెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది, అంత పోసి కొని తలలు గిల్లి పారేస్తామా అంది. మందు అద్దని పుల్లలు తెలిసినవాళ్ల కార్ఖానా నుంచి గోనెసంచిలో వచ్చాయి. మోసినవాడెవరో చెప్పనక్కర్లేదు. ఆవిడ ఎడమచేత్తో జిగురు రాస్తుంది. జిగురు ఆరేదాకా గోడ ఒరిగిపోకుండా నేను పట్టుకోవాలి. మూడో అంతస్తు పట్టుకుని ఉండగా పోస్టుమాన్ వచ్చాడు, పాలవాడు వచ్చాడు, నా పాత స్నేహితుడు ఒకాయన వచ్చి చాలాసేపు కబుర్లు చెప్పి వెళ్లాడు. ఎవరికీ నేను చెయ్యెత్తి నమస్కారం పెట్టలేకపోయాను. ఊళ్లో నాకు పొగరెక్కిందని చెప్పుకుంటున్నారట.

ఆ సమయంలోనే వదినగారు చూడ్డానికి వచ్చారు. చూడ్డానికి అన్నది ఆవిడ మాట, తనిఖీకి అన్నది నా మాట. రాగానే కట్టు తడిమి, రాజపాళయం పక్కన చత్రపట్టి మరమగ్గాల మీద ఆసుపత్రుల కట్టుగుడ్డ నేస్తారనీ, ఈ మెత్తదనం చూస్తే ఇది తమ జిల్లా గుడ్డేననీ తేల్చారు. కుట్టు ఎవరు వేశారని అడగలేదు. గోపురం చూసి, ఆండాళ్ లేకుండా గోపురమేమిటి, చిలకన్నా చెయ్యండి అన్నారు.

తెలుగువాళ్లకు ఆండాళ్ అంటే గోదాదేవి. రాయలవారి ఆముక్తమాల్యదలో నాయిక. ఆమె తండ్రి విష్ణుచిత్తుడు స్వామికి మాలలు కట్టేవాడు, ఆమె ముందు తాను ముడుచుకుని చూసుకుని పంపేది. శ్రీవిల్లిపుత్తూరులో ఇప్పటికీ ప్రతిరోజూ ఆకులతో, పూలతో కొత్త చిలకను చేసి అమ్మవారి చేతిలో పెడతారు. దానిమ్మ పువ్వుతో ముక్కు, వెదురు పుల్లలతో కాళ్లు. చేయడానికి గంటలు పడుతుంది, మరునాటికి దాని పని అయిపోతుంది, మళ్లీ కొత్తది. తరాలుగా అదే పనిమీదున్న చేతులకు అది సాధ్యం. మా వీధిలో దానిమ్మ చెట్టున్న ఇల్లు ఒక్కటే, ఆ ఇంట్లో కుక్క ఉంది. అదీ రాజపాళయం కుక్క. ఈ విషయం నేను విన్నవించుకుంటే, "ఆండాళ్ చిలకను పట్టుకున్నది ఏ చేత్తో?" అని అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి అడిగారు. ఎడమచేత్తో. "మరి నా ఎడమచెయ్యి బాగానే ఉందిగా" అంది మా ఆవిడ, సృష్టి రహస్యం విప్పినట్టు. పువ్వు నేనే తెచ్చాను. కుక్క నన్నేమీ అనలేదు. చేతిలో గోపురం జిగురు, మెడలో నారింజ వైరు ఉన్న మనిషిని ఏ కోవలో వెయ్యాలో దానికి తోచి ఉండదు.

మొన్న స్లింగు తీశారు. హమ్మయ్య అనుకున్నాను. డాక్టరు చెయ్యి కదలిక చూసి మెచ్చుకుని, వేళ్ల పట్టు ఇంత బాగుందేమిటి, ఏం చేశారని అడిగాడు. ఆవిడ బుట్టల ఫోటోలు చూపించింది. ఆయన బుట్ట ఒకటి తమ ఇంట్లో వాళ్లకు అడిగాడు. ఫీజు తగ్గించలేదు. బయటికి రాగానే వదినగారికి ఫోను వెళ్లింది. ఆవిడ అప్పటికే విరుదునగర్‌లో ఒక పెళ్లివారి దగ్గర ఆర్డరు పట్టి ఉన్నారు. తాంబూలం సంచులకు బదులు చిన్న వైరు బుట్టలు, వచ్చిన ఆడవాళ్లందరికీ. భుజానికి బరువింకా కూడదు గనక సరుకు చేరవేసే పని నాకొచ్చింది.

అలా బుట్టల్లో బుట్టలు దూర్చి, అవి మోపులుగా కట్టి, విరుదునగర్ బస్సెక్కాను. కండక్టరు వాటిని చూసి, ఇది సామానా వ్యాపారమా అని అడిగాడు. వైద్యం అన్నాను. వ్యాపారానికైతే లగేజీ టిక్కెట్టు, వైద్యానికైతే అతనికీ తెలియదు, వదిలేశాడు. సాత్తూరులో కిటికీల్లోంచి లేత దోసకాయలు అమ్మకానికి వచ్చాయి. అవి కొన్న ముందు సీటు ఆవిడ పెట్టుకోవడానికి చోటులేక వెనక్కి తిరిగి నా బుట్ట పట్టుకుని చూసింది. ఎంత అంది. మూడు వందల యాభై అన్నాను. మూడు వందలకు ఇవ్వండి అంది.

"శివన్ కణ్ ముడమ్మా," అన్నాను, "ఒక్కోటీ చేత్తో లాగింది. పైసా తగ్గదు."

ఆవిడ నోట్లు తీస్తుంటే పక్కసీటాయన ఫోన్ నంబరు అడిగాడు. మా ఆవిడది ఇచ్చాను. వైరు పట్టుకుని ఉంటుంది, ఎత్తేది నేనేనని కూడా చెప్పాను.