పాదాలు లేని బొమ్మలు

మాది నరసాపురం. చిత్రకారుడు బాపు గారు 1933 డిసెంబరు 15న పుట్టిన ఊరు. ఈ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటూ పెరిగాను. ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులో మొదటి వాక్యం కూడా ఇదే. ఆ ఊళ్లో పుట్టడమే సగం అర్హత అని అప్పుడు నిజంగా నమ్మాను.

హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థ, బొమ్మలు గీసేవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చింది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. భీమవరంలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో పని. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, నాయకుల స్వాగతాలు. పగలంతా మౌసు పట్టుకుని, రాత్రి ఇంటికొచ్చి ఇండియన్ ఇంకులో కుంచె ముంచేవాణ్ణి. పదేళ్ల వయసులో బాపు గారి బుడుగు బొమ్మలు చూసి పట్టుకున్న కుంచె అది. ఆ ప్రకటన నా కోసమే వేశారనిపించింది. జవాబు రాకముందే షాపు ఓనరు గారికి నెలాఖరుకి మానేస్తానని చెప్పేశాను.

పది బొమ్మలు పంపమన్నారు. అందులో మూడు వాళ్లిచ్చిన కథకి వెయ్యాలి. బస్టాండులో జామకాయలమ్మే ముసలామె, ఆమె దగ్గరికి చేరిన తప్పిపోయిన పిల్లాడు, ఇదీ కథ. బాపు గారి గీత ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నబడుతుందో నా చేతికి కంఠతా వచ్చు. ముసలామెకి పెద్ద పెద్ద కళ్లు పెట్టాను, నడుముకి ఆ వంపే తెచ్చాను. వయసు తెలియడానికి నుదుటి మీద రెండు ముడతలు, ఒక నెరిసిన పాయ. బొమ్మల పేర్లు కూడా ఆయన అక్షరాల వాలులోనే రాశాను. ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా ఉంది. షాపులో పెళ్లి ఫ్లెక్సీలకి రోజూ వాడేవాణ్ణే. అయినా చేత్తో రాస్తే అది నాదైపోతుందనుకున్నాను.

ముసలామె కాళ్లు జామకాయల బుట్ట వెనక దాచాను. పిల్లాడి కాళ్లు గడ్డిలో కప్పేశాను. బస్టాండులో గడ్డి ఎక్కడిది? పది బొమ్మల్లో ఎక్కడా ఒక్క పాదం లేదు. నాకు పాదాలు వెయ్యడం రాదు. ఆ సంగతి నాకు తెలుసు. చూసేవాళ్లు పట్టుకోలేరనుకున్నాను.

మూడు వారాలకి మెయిల్ వచ్చింది. నాలుగే వాక్యాలు. బొమ్మలు పంపినందుకు కృతజ్ఞతలు. ఈసారికి వేరొకరిని తీసుకున్నాం. వచ్చే ఏడాది మళ్లీ ప్రకటన ఉంటుంది. మీరు కోరితే బొమ్మల మీద మా అభిప్రాయం రాసి పంపుతాం. రెండో వాక్యం దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. మిగతావి చూశాను గానీ చదవలేదు. రాత్రి ఒంటిగంటకి రెండు పేజీల జవాబు రాశాను. ఊరి పేరూ బాపు గారి పేరూ మళ్లీ ఎత్తి, ఆ వేరొకరు ఎవరి మనిషో చెప్పమని నిలదీశాను. వాళ్లు జవాబివ్వలేదు.

మెయిల్ వచ్చిన మర్నాడు ఉదయం అమ్మ అడిగింది, "ఎందుకు వద్దన్నారో కనుక్కున్నావా నాన్నా?" అని. "నీకు అర్థం కాదులే అమ్మా" అన్నాను. బొమ్మల ఫైలు అటకెక్కింది. మూడేళ్లు కుంచె ముట్టలేదు.

అక్కడితో ఆగి ఉంటే నష్టం నా ఒక్కడిదే అయ్యేది. ఉద్యోగం సిఫార్సు మీద ముందే ఇచ్చేసుకున్నారని వీధిలో అందరికీ చెప్పాను. నా దగ్గర ఏ ఆధారమూ లేదు. పదిసార్లు చెప్పేసరికి నేనే నమ్మాను. మా వీధి చివర ఇంటర్ చదివే కుర్రాడొకడు ఉండేవాడు. గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కి, నోటుపుస్తకం వెనక పేజీల్లో మనుషుల్ని గీసేవాడు. సైకిలు పట్టుకుని నిలబడ్డవాళ్లు, చేపల బుట్టలవాళ్లు, బురద కాళ్లు. వాడు పాదాలు దాచలేదు. మరుసటి ఏడు ఆ ప్రకటన పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "పంపమంటావా అన్నయ్యా?"

"సిఫార్సు లేనిదే అక్కడ మన మొహం కూడా చూడర్రా" అన్నాను. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అమ్మ పన్నెండో ఏట నుంచీ లేసు అల్లుతోంది. మా వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లు చేసే పనే. ఏజెంటు వచ్చి అల్లికలు తీసుకుంటాడు, కొన్ని తిరగ్గొడతాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ మొన్నామధ్య ఒక ఆదివారం ఇంట్లో ఉండగా మళ్లీ చూశాను. నాలుగు రోజులు అల్లిన గుండ్రటి ముక్కని అతను పక్కన పెట్టేశాడు. "ఎక్కడ తేడా వచ్చింది బాబూ?" అని అడిగింది అమ్మ. అతను చూపించిన వరసని కిటికీ వెలుతురులో పట్టుకుని, అక్కడిదాకా దారం విప్పేసి, మళ్లీ మొదలుపెట్టింది. ఆ వేళ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

రాత్రి ఆ పాత మెయిల్ తెరిచాను. నాలుగో వాక్యం మొదటిసారి చదివాను. క్షమించమనీ, ఇప్పటికైనా అభిప్రాయం చెప్పమనీ రాశాను. వారంలోపే జవాబొచ్చింది. ఒక్క బొమ్మలోనూ పాదాలు లేవని రాశారు. ఎండలో కూర్చుని కాయలమ్మిన మనిషి చర్మం అలా ఉండదన్నారు. మీ ఊరి గురించి అంత రాశారు, బొమ్మల్లో మీ ఊరి మనిషి ఒక్కరూ కనబడలేదన్నారు. అన్నేళ్లూ నేను బాపు గారి గీతని చూశాను గానీ, ఆయన దేన్ని చూసి ఆ గీత గీశారో వెతకనేలేదు. గోదావరి మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం.

మర్నాడు ఆ కుర్రాడు పనిచేసే మొబైల్ షాపుకి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. సిఫార్సు మాట నేను కల్పించిందేనని కూడా చెప్పాను. వాడు తలెత్తలేదు. ఎవరిదో ఫోనుకి గ్లాసు అంటించి, గాలి బుడగల్ని బొటనవేలితో అంచుకి తోస్తున్నాడు. ఆఖరి బుడగ పోయాక అడిగాడు.

"ఎన్ని పంపాలన్నయ్యా?"

"పది."

"పంటు మీద వేసినవి ఇప్పుడు లేవు. పాత కాగితాలవాడికి వేసేశాం."

షాపు మూసేది తొమ్మిదింటికి. అప్పటిదాకా బయట బల్ల మీద కూర్చున్నాను.