గాలితోనే నా గొడవ

నేను సైకిల్‌ని. గేర్లూ రంగులూ ఉన్న జాతి కాదు నాది. నల్లటి ఫ్రేము, రాడ్ బ్రేకులు, ఇరవై కిలోల ఒళ్లు. నా భాగాలు లూధియానాలో తయారైతే, తెనాలిలో ఓ షాపువాళ్లు వాటిని బిగించి నన్ను రోడ్డెక్కించారు. నన్ను కొన్న పెద్దాయనకి వేగంతో పని లేదు. హ్యాండిల్‌కి చెరో పక్క పాలక్యాన్లు, క్యారియర్ మీద గడ్డిమోపు. అంత బరువు మోసుకుంటూ పడిపోకుండా ఇల్లు చేరడమే నా ఉద్యోగం.

పెద్దాయన పోయాక పశువుల పాకలో ఓ మూలకి చేరాను. సంక్రాంతికి కాలువగట్టు మీద సైకిల్ పందెం పెడుతున్నారని తెలిసి, ఇంటర్ చదివే ఆయన మనవడు నన్ను బయటికి లాగాడు. వాడి మొదటి రిపేరు ఏమిటంటే చువ్వలకి రంగు పూసలు గుచ్చి, వెనక చక్రానికి తగిలేలా బెలూన్ కట్టడం. తొక్కుతుంటే బుల్లెట్ బండిలా ఒకటే మోత! మోత పెరిగింది, బరువు కొంచెం పెరిగింది, వేగం మాత్రం ఉన్నచోటే ఉంది. దాంతో నన్ను నడిపించుకుంటూ షాపుకి తీసుకెళ్లాడు.

"బాబాయ్, దీనికి చిన్న ఫ్రీవీల్ వేసెయ్యి. స్పీడుగా పోవాలి."

"ఫ్రీవీల్ సంగతి తర్వాత చూద్దాంరా అబ్బాయ్. ముందు దీన్ని ఏది పట్టి ఆపుతోందో చూడనీ."

మెకానిక్ బాబాయి నన్ను తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రాన్ని గిర్రున తిప్పాడు. నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. రిమ్ము బెండు పోయి ప్రతి చుట్టులోనూ బ్రేకు రబ్బరుని రాసుకుంటోంది. అంటే ఇన్నాళ్లూ సగం బ్రేకు వేసుకునే నడిచానన్నమాట. చువ్వలు కొన్ని బిగించి, కొన్ని వదులుచేసి బెండు తీశాడు. హబ్బులు విప్పితే లోపల గ్రీజు పాతబెల్లం పాకంలా గట్టిపడి ఉంది. బేరింగ్ గుండ్లని కిరసనాయిల్లో కడిగి, గుంటలు పడ్డవాటిని పారేసి, కొత్త గ్రీజు పట్టించాడు. ఈ పనిలో నేర్పంతా కోన్ బిగించడంలో ఉంటుంది. ఎక్కువ బిగిస్తే చక్రం పట్టేస్తుంది, వదిలేస్తే అటూ ఇటూ ఊగుతుంది.

తర్వాత చైన్. కడిగి ఆరబెట్టి, ఒక్కో లింకు దగ్గర ఒక్కో చుక్క నూనె వేసి, పైపైన గుడ్డతో తుడిచేశాడు. నూనె పని చేసేది లింకుల లోపలే. పైన మిగిలిన నూనె దుమ్ముని అంటించుకుని చైన్‌ని అరగదీస్తుంది.

ఆ తర్వాత వాల్‌ట్యూబ్ మార్చి గాలి కొట్టాడు. మెత్తటి టైరు నేలకి తగిలిన ప్రతిసారీ నలుగుతుంది. ఆ నలుగుడికి ఖర్చయ్యేది తొక్కేవాడి బలమే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉన్న డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు తొడిగేదాకా మా వంశం గట్టి రబ్బరు మీద దడదడలాడుతూ తిరిగింది. అలాగని పంపు ఉంది కదా అని ఎంతంటే అంత కొట్టకూడదు. టైరు పక్కన అచ్చువేసిన అంకెని దాటనివ్వకూడదు.

సీటు కూడా పైకి లేపాడు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ దానిమీద పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే తొడల బలం కొంత వృథా అవుతుంది, మోకాళ్లు కూడా నొప్పెడతాయి.

మనవడు పట్టు వదల్లేదు. "మరి ఫ్రీవీల్?"

లెక్క నేను చెబుతాను. నా చైన్‌వీల్‌కి 44 పళ్లు, ఫ్రీవీల్‌కి 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే దాదాపు అయిదున్నర మీటర్లు పోతాను. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఇరవై కిలోమీటర్ల లోపే. పదహారు పళ్లది వేస్తే అదే తొక్కుడికి ఇరవై రెండు వస్తుంది, కానీ ప్రతి తొక్కూ బరువవుతుంది. పాత ఫ్రీవీల్‌తోనే ఎనభై చుట్లు తొక్కితే ఇరవై ఆరు! అందుకే బాబాయి పళ్లు తగ్గించలేదు, కాళ్లు తొందరగా తిప్పడం నేర్చుకోమన్నాడు.

ఇవన్నీ చేసినా అసలు శత్రువు ఎదురుగానే ఉన్నాడు: గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఆ గాలికి అడ్డంగా నిలిచేది నాకన్నా నామీద కూర్చున్న మనిషి ఒళ్లే. 1993లో గ్రేమ్ ఓబ్రీ అనే స్కాట్లాండ్ వాడు, వాషింగ్ మెషీన్ బేరింగులు వాడి సొంతంగా కట్టుకున్న సైకిల్ మీద గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. చేతులు రొమ్ము కిందకి ముడుచుకుని, దాదాపు హ్యాండిల్ మీదికి పడుకుని తొక్కాడు. మరుసటి ఏడాదే సైక్లింగ్ క్రీడా సంఘం ఆ పద్ధతిని నిషేధించింది.

నా హ్యాండిల్‌కి రాడ్ బ్రేకులు తగిలించి ఉంటాయి కాబట్టి దాన్ని తిప్పి కిందికి బిగించడం కుదరదు. అందుకని మావాడు మోచేతులు మడిచి, నడుం వంచి తొక్కాడు; గాలికి ఉబ్బే చొక్కా మానేసి బిగుతు బనీను వేసుకున్నాడు. బాబాయి క్యారియరూ స్టాండూ కూడా విప్పాడు. చదును నేలమీద బరువు తగ్గినందువల్ల ఒరిగేది కొంచెమే, అది కూడా బయలుదేరేటప్పుడు తెలుస్తుంది.

పందెంలో ఎదురుగాలి. మావాడు ఓ గేరు సైకిల్ వెనకాలే, చక్రానికి చక్రం తగిలీ తగలనంత దగ్గరగా దాక్కుని సగం దూరం లాగాడు. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. చివర్లో గేరు సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. వాటి బరువు నాలో సగం, టైర్లు సన్నం, ఆ గెలుపు న్యాయమైనదే. నల్ల సైకిళ్లలో మాత్రం మేమే ముందు. ఇంత మార్పుకి డబ్బు పెట్టి కొన్న కొత్త సామాను గ్రీజు, నూనె, వాల్‌ట్యూబ్, నాలుగు బేరింగ్ గుండ్లు, ఒక జత బ్రేకు రబ్బర్లు.

అవును, బ్రేకు రబ్బర్లు. ఇనప రిమ్ము తడిస్తే నా బ్రేకులు సరిగ్గా పట్టవు. అందుకే నన్ను తొక్కేవాళ్లందరికీ నా మాట ఇదే: ముందు నేను ఆగేలా చూడండి, ఆ తర్వాత గాలి, నూనె, గ్రీజు, సీటు చూడండి. కొత్త సైకిల్‌కి బేరం మాట్లాడేది ఆ తర్వాతే.