ఉత్తగ దొరికేదాన్ని అమ్మినోణ్ణి

మొన్న పొద్దున్నే సద్దుల చెరువు కట్ట మీద నడుస్తుంటే మా గల్లీ పిలగాడొకడు ఎదురొచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అంకుల్, మీరు అప్పట్ల లైనక్స్ సీడీలు అమ్మెటోళ్లంట గదా? అది ఉత్తగనే దొరుకుతది. ఉత్తగ దొరికేదాన్ని అమ్ముడేంది?" అని నవ్వాడు. వాడి చేతిలో ఇరవై రూపాయల నీళ్ల సీసా ఉంది. నీళ్లూ ఉత్తగనే పారుతయి గదరా, దానికెందుకు పైసలిచ్చినవ్ అని అడిగాను. మళ్లీ నవ్వి, చెవుల్లో ఆ తెల్ల గొట్టాలు పెట్టుకుని పోయాడు.

లైనక్స్ అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేరే, ఉత్తగ దొరికేమాటా నిజమే. కానీ వాడికేం తెలుసు, మా రోజుల్లో 'దొరకడం' అంటే ఏమిటో! 2006లో సూర్యాపేటలోని నా కొట్టుకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. వేగం 256 కేబీపీఎస్. పగలు దించితే బిల్లు మోత మోగేది. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా మాత్రం ఎంత దించుకున్నా అడిగేవాడు లేడు. ఆ ఆరు గంటలూ తీగ తెగకుండా నడిస్తే దిగేది 690 ఎంబీ. అంటే ఒక్క సీడీ. రెండింటికి అలారం పెట్టుకుని లేచి, నొక్కి, మళ్లీ పడుకునేవాణ్ణి. నడుమ అరగంట కరెంటు పోయిందంటే ఆ రాత్రికి సీడీ నిండనట్టే.

దిగిన ఫైలు మంచిదో చెడిందో తేల్చడానికి ఎండీ5 అని 32 అక్షరాల గుర్తు ఉంటుంది. మా వాడు బడికి పోయేముందు మానిటర్ ముందు కూచుని "ఏ, ఏడు, సీ, నాలుగు" అని చదువుతుంటే, నేను కాగితం మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టేవాణ్ణి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ రాత్రి రెండింటికి అలారం. ఆ తర్వాత సీడీ రాయడం. 52 స్పీడు అని డబ్బా మీద ఉండేది గానీ ఆ స్పీడులో రాస్తే సగం సీడీలు నడిమధ్యలో ఆగేవి. పదహారులో పెట్టి, రైటర్ చప్పుడు వింటూ కూచునేవాణ్ణి. చెడినవి ఆటోవాళ్లు వెనక కట్టుకోవడానికి పట్టుకుపోయేవారు, రైతులు పిట్టలు రాకుండా చేన్లలో వేలాడదీసేవారు. ఈ చుట్టుపక్కల మిరప చేన్లను కాపాడిన లైనక్సులో నాది పెద్ద వాటా.

సీడీకి ముప్పై రూపాయలు. ఖాళీ సీడీ పన్నెండు, కవరు, కరెంటు పోను మిగిలింది నా రాత్రి నిద్ర ఖరీదు. కోదాడలో ఇంజనీరింగ్ పిల్లలు కొనేవారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమస్తా కూడా కొన్నాడు, వారం తిరక్కుండా వెనక్కి ఇచ్చేశాడు. "ఇందుల టాలీ నడుస్తలేదు సారూ" అన్నాడు. నిజమే, లెక్కలు రాసే ఆ టాలీ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నడవదు. నోరెత్తకుండా ముప్పై రూపాయలూ తిరిగిచ్చాను.

ఇక అసలు కడుపుమంట. పక్క కొట్టువాడు విండోస్ ఎక్స్‌పీ దొంగ సీడీలు అమ్మేవాడు, కీ నంబరు సీడీ మీదే మార్కర్‌తో రాసి మరీ. అది కాపీ అని తెలిసీ జనం మర్యాదగా కొనేవారు. నా దగ్గరికి వచ్చి మాత్రం "ఇది అమ్మొచ్చునా? కేసు గాదా?" అనేవారు! దొంగ ప్రోగ్రామని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే మన కాపీరైట్ చట్టం ప్రకారం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లైనక్స్ లైసెన్సు జీపీఎల్ అయితే, కాపీ చేసి ఇచ్చే పనికి రుసుము తీసుకోవచ్చని 1991 నాటి రెండో వెర్షన్‌లోనే రాసిపెట్టింది. ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమ్యాక్స్ టేపును 150 డాలర్లకు అమ్ముకున్నాడు. ఆయన ముందు నా ముప్పై రూపాయలెంత! ఆ లైసెన్సు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. చదివినవాడు ఒక్కడు లేడు.

ధర ఎంతైనా పెట్టుకోవచ్చు గానీ లైసెన్సుకు షరతులున్నాయి. కొన్నవాడు మళ్లీ కాపీ చేసుకుంటే అడ్డుపడకూడదు. నా దగ్గర ఒకటి కొని హాస్టల్లో నలభై మందికి పంచిన పిల్లలున్నారు, నేను నోరు మూసుకోవాల్సిందే. రెండోది, సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత కూడా ఇవ్వాలి, లేదంటే మూడేళ్ల దాకా అడిగితే ఇస్తానని రాసివ్వాలి. ప్రతి కవర్లో ఆ చీటీ పెట్టాను. అన్నేళ్లలో దాన్ని చదివి, "సార్, నాకు కర్నెల్ సోర్స్ కావాలె" అని బస్సెక్కి వచ్చింది కోదాడ పిలగాడు ఒక్కడే. సీడీ ఖర్చు మాత్రం తీసుకుని రాసిచ్చాను. ఇంకో మెలిక కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చేసినా పేరు ఇవ్వరు. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ తన పేరు పెట్టి అమ్మకూడదంటే అమెరికాలో చీప్‌బైట్స్ వాళ్లు అదే సరుకును 'పింక్ టై' అని అమ్మారు. ఎర్ర టోపీకి గులాబీ టై!

ఇంగ్లీషువాళ్లకు ఫ్రీ అన్న ఒక్క మాటే ఉండి తిప్పలు పడ్డారు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చిన సంస్థ తనకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకుంది. మన జనానికి మాత్రం పుక్కట్ల అన్న మాటే ఎక్కింది. ఉబుంటు అనే లైనక్స్ వాళ్లు 2011 దాకా సీడీలను పోస్టులో ఊరికే పంపేవారు. ఆ విదేశీ కవర్ తెచ్చి నా ముందు ఆడించి, "నువ్వు ముప్పై అంటున్నవ్" అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. అది చేతికి రావడానికి ఎన్ని వారాలు పట్టిందో చెప్పేవారు కాదు.

ఇప్పుడు ఉబుంటు ఫైలే 5 జీబీ దాటింది. చాయ్ తాగేలోపు దిగుతుంది, దించినవాడు మళ్లీ దాని మొహం చూడడు. కొత్త ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే అరే లేదు. దొంగ ఎక్స్‌పీ వాడిన మహానుభావులే ఇవాళ రాతకో చందా, లెక్కకో చందా ఏటేటా కడుతున్నారు. పక్కవాడికి కాపీ ఇవ్వలేరు, లోపల ఏముందో చూడలేరు, అయినా కిక్కురుమనరు. జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ గుండెకాయ లైనక్సేరా అంటే, "అవునా అంకుల్" అని రీల్ పైకి తోస్తారు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే మద్దతు ఆగింది. పదకొండు ఎక్కని కంప్యూటర్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎన్ని అటకెక్కుతున్నాయో! పాత ఇనుప సామాన్లవాడికి వేసేముందు ఒకసారి నా దగ్గరికి పట్టుకురండి. పెన్‌డ్రైవ్ మీరే తెచ్చుకోండి. యాభై రూపాయలు తీసుకుంటాను, టాలీ మాత్రం అడగొద్దు. చీటీ ఇప్పటికీ ఇస్తున్నాను, ఈసారైనా చదవండి.