గుహల కోసమేనండీ, ఒట్టు!

ఈమధ్య మన బావగార్లకు కారవాన్ల పిచ్చి పట్టింది. బండిలోనే మంచం, పొయ్యి, స్నానాలగది. ధనుర్మాసం చలి మొదలవగానే అక్కయ్యగారినీ గోల్ఫ్ కిట్టునీ అందులోకెక్కించి బయల్దేరతారు. కుతుబ్‌షాహీల కోటగోడల నడుమ, గోల్కొండ నయా ఖిల్లాలో ఒక ఆట. సూర్యలంక ఇసుకలో ఒక రాత్రి. విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్బులో ఇంకో ఆట. అక్కడితో ఆగితే నాకు కాలమ్ లేదు. ‘తర్వాత అండమాన్ రోడ్ ట్రిప్పండీ’ అంటారు.

చుట్టూ సముద్రం పెట్టుకున్న దీవులకు పోయి రోడ్డు అడిగేవాణ్ణి ఏమనాలి? కారవాన్ విశాఖలో ఉండిపోతుంది, బావగారు విమానంలో ఎగిరి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగుతారు. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, పిలిచేవాళ్లు మాత్రం ఇంకా పాతపేరుతోనే పిలుస్తున్నారు. ఊరికి ఎదురుగా రాస్ దీవి ఉంది. ఖైదీల చెమటతో దొరలు అక్కడ చర్చి, బేకరీ, నాట్యశాల కట్టించుకున్నారు. ఇప్పుడా గోడల్ని చెట్ల వేళ్లు చుట్టేశాయి, జింకలు తిరుగుతున్నాయి. బావగారు అక్కడ రెండు సెల్ఫీలు దిగి, మర్నాడు తెల్లవారుజామునే టాక్సీలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టుకు చేరతారు.

అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా తెగవాళ్ల అడవిలోకి దూరేది అక్కడే. బళ్లన్నీ వరస కడతాయి. ముందూ వెనకా పోలీసులు. ఆగకూడదు, దిగకూడదు, ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. చదివితే జంతువుల పార్కు ముందు బోర్డేమో అనిపిస్తుంది. అద్దాల అవతల ఉన్నది మనుషులు, మొత్తం తెగ కలిపి కొన్ని వందల మంది. రోడ్డు వేస్తున్నప్పుడు బాణాలతో అడ్డుపడ్డారు. 1997 తర్వాత విల్లు పక్కనపెట్టి బయటికి రావడం మొదలైంది. 1999లో వాళ్లను తట్టు చుట్టేసింది. అడవిలో పుట్టిన రోగం కాదది.

ఇదంతా చెబితే బావగారు నొచ్చుకుంటారు. ‘ఛఛ, వాళ్లని చూడ్డానికి కాదండీ! బారాటాంగ్‌లో సున్నపురాతి గుహలున్నాయి, బురద కక్కే అగ్నిపర్వతం ఉంది.’

గుహలా! కారవాన్ నిలిపిన విశాఖ నుంచి బొర్రా గుహలు 90 కిలోమీటర్లు. అవీ సున్నపురాతివే. దిగేకొద్దీ దిగుతూనే ఉండొచ్చు, రైలు కూడా ఉంది. అది చాలకపోతే నంద్యాల జిల్లాలో బెలుం, 3 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. సున్నపురాయి మీద అంత మోజున్న మనిషి సొంత గడపలోవి వదిలేసి బంగాళాఖాతం దాటిపోతాడా? బొర్రాకు లేనిది, బారాటాంగ్‌కు ఉన్నది ఒక్కటే: దారి. తిరిగొచ్చాక ‘గుహలెలా ఉన్నాయి?’ అని అడిగే చుట్టం ఒక్కడూ ఉండడు. ‘కనిపించారా?’ అంటారు. కనిపించకపోతే బావగారి ముఖంలో డబ్బులు దండగైన దిగులు.

ఈ తొంగిచూపుల ఆట సంగతి ఎవరికీ తెలియందేం కాదు. జరావా రిజర్వు గుండా పోయే రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2012 జనవరిలో జరావా ఆడవాళ్లను తిండి ఆశ చూపి పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడి దేశం సిగ్గుపడింది. మన సిగ్గుకు ఆయుష్షు తక్కువ. 2013 జనవరిలో కోర్టు పర్యాటకుల్ని ఆ దారిన పోకుండా ఆపింది, రెండు నెలలు తిరక్కుండానే ఆ ఆంక్ష తొలగిపోయింది. ఆ రోడ్డుకు జాతీయ రహదారి హోదా కూడా ఉంది.

రంగత్‌లో, మాయాబందర్‌లో, డిగ్లీపూర్‌లో కాపురాలున్నవాళ్ల మాట వేరు. ఆసుపత్రికి పోవాలి, కూరగాయలు రావాలి, వాళ్లనేమీ అనను. వాళ్లకూ పడవలు పెంచి ఇస్తే బాగుండునంటాను, అంతే. బావగారికి ఏ ఆసుపత్రి పని ఉందని? బారాటాంగ్ కూడా దీవే కదా, నీళ్ల మీద పోవచ్చు. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చేపలు పట్టే మనవాళ్లే ఉన్నారు, ఆ సముద్రం సంగతి తెలుగులోనే చెబుతారు. కానీ పడవ కిటికీలోంచి జరావాలు కనిపించరాయె!

2025 మార్చిలో ఒక అమెరికన్ బయటివాళ్లు పోకూడని ఉత్తర సెంటినెల్ దీవికి దొంగచాటుగా పోయి, అక్కడి మనుషుల కోసం ఒడ్డున ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టి వచ్చాడు. ‘ఎంత మూర్ఖుడండీ!’ అని వార్త చదివి అందరికంటే ఎక్కువ నవ్వింది మన బావగారే. ఆ అమెరికన్ని పట్టుకుని జైల్లో పెట్టారు. బావగారికి రేపు పొద్దున మొదటి కాన్వాయ్‌లో, ఎడమవైపు కిటికీ పక్క సీటు ఖాయమైంది.